పెద్దల ఛాతీ ఎక్స్‌రే: నీడ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

(హోసూరులో తెలుగు కుటుంబాల ఎదుట ఒక శ్వాసకోశ వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్న మనలో చాలామందిమి పని వెతుక్కుంటూ హోసూరుకు వచ్చినవాళ్ళమే. ఊత్తంగరై తాలూకాలోని కల్లావి నుండి, బర్గూరు నుండి, వేపనపల్లి నుండి, సరిహద్దు దాటి కుప్పం నుండి వచ్చి ఇక్కడి కర్మాగారాలలో, అంగళ్ళలో, కార్యాలయాలలో కుదురుకున్నాం. మనం వచ్చాం గాని మన తల్లిదండ్రులు చాలావరకు ఊరిలోనే ఉండిపోయారు. కంటి ఆపరేషన్ కోసమో, ఎంతకీ తగ్గని దగ్గు కోసమో వాళ్ళను ఇక్కడికి పిలిపిస్తాం. ఆసుపత్రిలో మొదట చేసే పరీక్షలలో ఛాతీ ఎక్స్‌రే ఒకటి. గంట తిరగకముందే ఒక కవరు చేతికి వస్తుంది. లోపల ఒక నల్లని ఫిల్ము, దానితోపాటు ఆంగ్లంలో నాలుగు వరుసల నివేదిక. వైద్యుడు తమిళంలో మాట్లాడతాడు, కాగితం ఆంగ్లంలో మాట్లాడుతుంది, మన నాయన మాత్రం తెలుగులో భయపడతాడు.

ఆ కవరును గురించే నేడు మీతో మాట్లాడదలచాను. ఎక్స్‌రే చదవడం మీకు నేర్పాలన్నది నా ఉద్దేశం కాదు. అది సంవత్సరాల శిక్షణతో గాని రాదు. అయితే ఆ నివేదిక చేతికి వచ్చినప్పుడు ఏ మాటకు భయపడనక్కరలేదో, ఏ మాటను తేలికగా తీసుకోరాదో, వైద్యుణ్ణి ఏమి అడగాలో తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ సాధ్యమే.

కొన్నేళ్ళ క్రితం నేను చూసిన ఒక పెద్దాయన విషయంతో మొదలుపెడతాను. ఆయనకు డెబ్బై దాటాయి. కల్లావి వైపు పల్లెలో వ్యవసాయం చేసుకునేవారు. కంటి శుక్లం తీయించడానికి కొడుకు ఆయనను హోసూరు పిలిపించాడు. శస్త్రచికిత్సకు ముందు ఒకచోట ఛాతీ ఎక్స్‌రే తీశారు. నివేదికలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ ఉన్నదని రాసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ‘కాక్స్’ అని రాశారు. మన దేశంలో వైద్యులు క్షయ అనే మాటను రోగి ముందు అనడానికి ఇష్టపడక వాడే మారుపేరు అది. 1882 మార్చి 24న క్షయ సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించిన జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ పేరు నుండి వచ్చింది. ఆ ప్రశ్నార్థకాన్ని ఇంట్లో ఎవరూ గమనించలేదు. ఆపరేషన్ ఆగిపోయింది. ఆ సాయంత్రమే ఆయన కంచం, లోటా వేరయ్యాయి. మనవణ్ణి దగ్గరకు రానివ్వలేదు. వారం తరువాత నా దగ్గరకు వచ్చినప్పుడు ఆయన నాతో అన్న మొదటి మాట, ‘నాకు దగ్గు లేదు నాయనా, నన్ను ఊరికి పంపించేయమని మావాడికి చెప్పు’ అని.

ఆయనకు నిజంగానే దగ్గు లేదు. జ్వరం లేదు. బరువు తగ్గలేదు. గతంలో ఎప్పుడైనా ఊపిరితిత్తుల జబ్బు వచ్చిందా అని అడిగితే, చాలా ఏళ్ళ క్రితం ధర్మపురిలో నెలల తరబడి మాత్రలు మింగిన సంగతి చెప్పారు. అప్పటి ఫిల్ము ఉన్నదా? ఉన్నదట. ఊరిలో ట్రంకు పెట్టె అడుగున, పట్టా కాగితాల కింద. కొడుకు వెళ్ళి తెచ్చాడు. రెండు ఫిల్ములనూ వెలుతురు పెట్టె మీద పక్కపక్కన ఉంచాం. అదే చోట అదే నీడ. ఇన్ని సంవత్సరాలలో ఒక గీత కూడా పెరగలేదు. జాగ్రత్త కోసం తెమడ పరీక్ష చేయించాం. అందులో క్షయ సూక్ష్మజీవి లేదు. ఆ నీడ మానిపోయిన జబ్బు మిగిల్చిన మచ్చ, అంతే. ఆయన కంటి ఆపరేషన్ జరిగింది. కంచం మళ్ళీ అందరి కంచాల మధ్యకు వచ్చింది.

ఆ కుటుంబాన్ని కాపాడిన వస్తువు ఖరీదైన యంత్రం కాదు, ట్రంకు పెట్టెలోని పాత ఫిల్ము. ఈ మాటను మీరు గుర్తుంచుకుంటే నేడు నేను చెప్పవలసిన దానిలో సగం చెప్పినట్లే.

ఇక ఎక్స్‌రే అంటే ఏమిటో కొద్దిగా చూద్దాం. 1895 నవంబరు 8న జర్మనీలో విల్హెల్మ్ రంట్‌గెన్ ఈ కిరణాలను కనుగొన్నాడు. ఇవి గాలిని సులువుగా దాటిపోతాయి, ఎముక వద్ద చాలావరకు ఆగిపోతాయి. అందువల్ల గాలి నిండిన ఊపిరితిత్తి ఫిల్ముపై నల్లగా, ఎముక తెల్లగా, గుండె, రక్తనాళాలు, నీరు బూడిదతెలుపుగా కనిపిస్తాయి. గాలి ఉండవలసిన చోట మరేదైనా చేరితే అక్కడ తెలుపు కనబడుతుంది. ఆ తెలుపునే మనం నీడ అంటున్నాం. చేరినది చీమా, నీరా, మానిన మచ్చా, దుమ్మా, గడ్డా అన్నది తెలుపు రంగు తనంతట తాను చెప్పదు. గోడ మీద పడిన నీడను చూసి ఎవరో మనిషి నిలబడ్డాడని చెప్పగలం గాని, ఆ మనిషి పేరు చెప్పలేం గదా! ఇదీ అంతే.

పైగా కొన్ని నీడలు ఊపిరితిత్తివే కావు. పెద్దవాళ్ళ విషయంలో ఇది మరీ ఎక్కువ. వీపు మీద పడిన జడ, తాళికి తగిలించిన పిన్నీసు, మెడలోని తాయెత్తు, రవికె గుండీ, చివరకు చనుమొన కూడా ఫిల్ముపై గుండ్రని నీడగా పడవచ్చు. ఎప్పుడో విరిగి అతుక్కున్న పక్కటెముక గడ్డలా కనిపించవచ్చు. నడుము వంగినవారు నిటారుగా నిలబడలేరు. ఆయాసం ఉన్నవారు శ్వాసను నిండుగా పీల్చి బిగబట్టలేరు. శ్వాస సగమే తీసుకున్నప్పుడు తీసిన ఫిల్ములో ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుని తెల్లగా, గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఫిల్ములోనూ గుండె పెద్దగానే కనబడుతుంది. కాబట్టి ఎక్స్‌రే గదిలోకి వెళ్ళే ముందు అమ్మ జడను పైకి ముడి వేయండి, పిన్నీసులు, గొలుసులు తీయించండి, శ్వాస ఎలా పీల్చి ఆపాలో బయటనే రెండుసార్లు తెలుగులో చెప్పి చేయించండి. లోపల ఉన్న టెక్నీషియన్ తమిళంలో చెప్పే మాట వారికి ఆ తొందరలో అర్థం కాకపోవచ్చు.

ఇప్పుడు నివేదికలలో తరచుగా వచ్చే మాటలు కొన్ని చెబుతాను. మొదట, వయసు రాసిపోయిన గుర్తులు.

‘కాల్సిఫైడ్ గ్రాన్యులోమా’ అంటే ఎన్నడో వచ్చి మానిన చిన్న పుండు చుట్టూ సున్నం పేరుకుని గట్టిపడిన చుక్క. మన దేశంలో పెద్దవారికి ఇది చాలా సాధారణం. ‘ఫైబ్రోటిక్ బ్యాండ్’ లేదా ‘ఫైబ్రోసిస్’ అని పైభాగంలో ఒకచోట మాత్రమే ఉంటే సాధారణంగా పాత మచ్చ. అయితే రెండు వైపులా అడుగుభాగాన వలలాగా వ్యాపించి, నడిస్తే ఆయాసం వస్తున్నట్లయితే అది వేరే జబ్బు, దానికి ప్రత్యేకంగా పరీక్షలు కావాలి. ‘అన్‌ఫోల్డెడ్ అయోర్టా’ అంటే గుండె నుండి బయలుదేరే పెద్ద ధమని వయసుతో సాగి వంపు తిరిగినది, ఎక్కువగా వయసు లక్షణమే. ఒకసారి రక్తపోటు చూపించుకుంటే చాలు. ‘బ్రాంకోవాస్కులర్ మార్కింగ్స్ ప్రామినెంట్’ అనే మాటను చూసి ఊపిరితిత్తులు చెడిపోయాయని ఏడ్చినవారిని చూశాను. గాలి గొట్టాలు, రక్తనాళాల గీతలు కొంచెం స్పష్టంగా కనిపిస్తున్నాయని మాత్రమే దాని అర్థం. పొగ తాగేవారిలో, పాత దగ్గు ఉన్నవారిలో, శ్వాస సరిగా పీల్చనివారిలో ఇది కనబడుతుంది. అదొక్కటే ఉంటే దానికి జబ్బు పేరు పెట్టలేం.

రెండవది, పొయ్యి పొగ రాసిన గుర్తు. ‘హైపర్‌ఇన్‌ఫ్లేషన్’ అంటే ఊపిరితిత్తులు గాలితో ఉబ్బిపోయి, వాటి కింది పొర గొడుగులా ఉండవలసినది పలకలా చదునైపోవడం. బీడీలు కాల్చిన మగవారిలోనే గాక, నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదిన మన తల్లులలోనూ ఇది కనిపిస్తుంది. నివేదికలో ఈ మాట ఉండి, మెట్లు ఎక్కితే ఆయాసం ఉంటే శ్వాసను ఊదించి కొలిచే పరీక్ష చేయించాలి. దాని పేరు స్పైరోమెట్రీ. ఈ జబ్బు తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. కనుక ఎక్స్‌రే బాగున్నదని ఆయాసాన్ని వయసు ఖాతాలో రాసేయకండి.

మూడవది, వెంటనే పట్టించుకోవలసిన మాటలు. ‘కన్సాలిడేషన్’ అంటే ఊపిరితిత్తిలో ఒక భాగం గాలి పోయి గట్టిపడినది, సాధారణంగా న్యుమోనియా. పెద్దవారికి న్యుమోనియాలో జ్వరం రాకపోవచ్చు. అన్నం మానేయడం, మగతగా ఉండడం, మాటలు తడబడడమే మొదటి లక్షణం కావచ్చు. చికిత్సతో మనిషి కోలుకున్నా ఫిల్ముపై నీడ పోవడానికి పెద్దవారిలో ఆరు నుండి పన్నెండు వారాలు పట్టవచ్చు. అందువల్ల వైద్యుడు ఆరు వారాల తరువాత మరొక ఫిల్ము తీయించమన్నప్పుడు, ‘తగ్గిపోయింది గదా’ అని మానేయకండి. న్యుమోనియా వెనుక గడ్డ ఏదైనా దాగి ఉన్నదా అన్నది ఆ రెండవ ఫిల్మే చెబుతుంది. ‘ఎఫ్యూజన్’ లేదా ‘బ్లంటింగ్ ఆఫ్ కాస్టోఫ్రెనిక్ యాంగిల్’ అంటే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి మూల మొద్దుబారడం. పాత జబ్బు అతుకు వల్ల కూడా మూల మొద్దుబారవచ్చు. కొత్త నీరైతే గుండె, క్షయ, గడ్డ వంటి కారణాలు వెతకాలి. ‘కార్డియోమెగలీ’ అంటే గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో సగానికి మించడం. నిలబెట్టి సరిగా తీసిన ఫిల్ములో ఆ మాట వస్తే గుండె స్కానింగ్ అవసరం.

‘నాడ్యూల్’ అంటే మూడు సెంటీమీటర్ల లోపు గుండ్రని నీడ. అంతకన్నా పెద్దదైతే ‘మాస్’ అంటారు. నాడ్యూల్ అన్నదంతా క్యాన్సర్ కాదు. అయినా దానిని వదిలివేయరాదు. ఇక్కడ మళ్ళీ పాత ఫిల్మే సాక్షి. గట్టి నాడ్యూల్ రెండు సంవత్సరాలుగా అదే పరిమాణంలో ఉన్నదంటే సాధారణంగా అపాయం లేనట్లే. పాతది లేకపోతే, లేదా పెరిగినట్లు కనిపిస్తే సీటీ స్కాన్ కావాలి.

నివేదిక చివర ‘క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్’ అని ఉంటుంది. చాలామంది దీనిని చదవకుండా దాటివేస్తారు. నిజానికి అది ఎంతో నిజాయితీగల వాక్యం. ‘నేను నీడను చూశాను, మనిషిని చూడలేదు. మనిషిని చూసినవారు ఈ రెంటినీ కలిపి ఆలోచించండి’ అని దాని భావం.

నీడకు తొందరపడి పేరు పెట్టరాదన్న పాఠం మన తెలుగు నేల మీదనే వైద్యలోకానికి ఒకసారి తెలిసివచ్చింది. ఇక్కడికి దూరమేమీ కాని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉన్నది. క్షయకు మందులే లేని కాలంలో, 1910ల దశకంలో అక్కడ వెలసిన శానటోరియం దక్షిణ భారతంలో ఎందరికో చివరి ఆశ. డెన్మార్క్ నుండి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే వైద్యుడు దానిని దీర్ఘకాలం నడిపాడు. ఆయన, బార్టన్ అనే మరొక వైద్యుడు కలిసి 1940లో ఒక వ్యాసం ప్రకటించారు. కొందరి ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులనిండా చుక్కచుక్కలుగా క్షయను పోలిన నీడలు కనిపిస్తున్నాయి, కాని తెమడలో క్షయ సూక్ష్మజీవి లేదు, రక్తంలో మాత్రం ఈసినోఫిల్ అనే కణాలు విపరీతంగా ఉన్నాయి అని. దానికి వారు పెట్టిన పేరు కూడా క్షయాభాసం అనే అర్థం వచ్చేదే. బోదకాలు పురుగుకు శరీరం చూపే ప్రతిక్రియ వల్ల ఇది వస్తుందని తరువాతి కాలంలో తేలింది. దానికి మందు వేరు, క్షయ మందు కాదు. క్షయకే అంకితమైన ఆసుపత్రిలో, రోజూ క్షయ నీడలనే చూసే వైద్యులు, ‘ఇది క్షయలాగా ఉన్నది గాని క్షయ కాదు’ అని ఆగి ఆలోచించారు. ఆ ఆగడమే వైద్యం.

ఇక రెండవ అనుభవం చెప్పాలి. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. అరవై దాటిన ఒక తల్లి. జీవితంలో బీడీ ముట్టలేదు. దగ్గు, కాస్త బరువు తగ్గడం. ఒకచోట ఎక్స్‌రే తీసి, నీడ చూసి, తెమడ పరీక్ష లేకుండానే క్షయ మందులు మొదలుపెట్టారు. ఇంటివారు ఎంతో శ్రద్ధగా మాత్రలు మింగించారు. రెండు నెలలైంది, దగ్గు తగ్గలేదు. ‘మందు పని చేయడానికి సమయం పడుతుంది’ అనుకున్నారు. నాలుగు నెలలకు తెమడలో రక్తం పడింది. అప్పుడు నా దగ్గరకు వచ్చారు. అది ఊపిరితిత్తి క్యాన్సర్. కోసి తీసివేయగల దశ దాటిపోయింది. మొదటి ఫిల్ము చూశాను. ఆనాటి నీడ చిన్నదే. నాలుగు నెలల ముందే చూచి ఉంటే ఆమె తప్పక బతికేదని నేను చెప్పలేను. కాని ఆమెకు దక్కవలసిన ఒక అవకాశం ఆ నాలుగు నెలలలో జారిపోయింది. క్యాన్సర్‌ను క్షయగా పొరబడడం మన దేశంలో అరుదైన విషయం కాదు, ఎందుకంటే రెండింటి నీడలూ, రెండింటి లక్షణాలూ ఒకదానినొకటి పోలి ఉంటాయి.

చూశారా, ఒక ఇంట్లో పాత మచ్చను కొత్త జబ్బు అనుకున్నారు. మరొక ఇంట్లో ఒక జబ్బును మరొక జబ్బు అనుకున్నారు. రెండు చోట్లా లోపం ఒక్కటే. నీడను చూసి అక్కడే ఆగిపోయారు. అందుకని మీ ఇంట్లో పెద్దవారి ఎక్స్‌రేలో నీడ ఉన్నదని ఎవరైనా చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. వినయంగా అడగండి, కాని తప్పక అడగండి.

మొదటి ప్రశ్న: ‘డాక్టరుగారూ, ఇది పాతదా, కొత్తదా? ఇదిగో పాత ఫిల్ము, పోల్చి చూడండి.’

రెండవ ప్రశ్న: ‘తెమడ పరీక్ష చేయించమంటారా?’ తమిళంలో తెమడను సళి అంటారు, క్షయను కాసనోయ్ అంటారు. ఆసుపత్రి బోర్డుల మీద మీకు కనబడేవి ఆ మాటలే. తెమడలో సూక్ష్మజీవి జన్యువును కొన్ని గంటలలో పట్టుకునే పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా జరుగుతాయి. మందులకు లొంగని క్షయ అయితే ఆ సంగతి కూడా వాటిలో తెలుస్తుంది. తెమడ అంటే ఉమ్ము కాదు. ఉదయం లేవగానే నోరు పుక్కిలించి, లోతుగా శ్వాస పీల్చి, రొమ్ము లోపలినుండి దగ్గి తీసినది. ఉమ్ము ఇచ్చి పరీక్ష బాగున్నదని సంతోషించకూడదు.

మూడవ ప్రశ్న: ‘ఈ మందు ఎన్ని వారాలలో గుణం చూపాలి? చూపకపోతే తరువాత ఏమి చేద్దాం?’ ఆ తల్లి విషయంలో ఎవరూ అడగని ప్రశ్న ఇదే.

ఇవి ఎదురుచూడగల సందర్భాలు. ఎదురుచూడరానివి కొన్ని ఉన్నాయి. తెమడలో రక్తం, కూర్చున్నా ఆయాసం, పెదవులు నీలంగా మారడం, ఛాతీలో ఉన్నట్టుండి నొప్పి, పెద్దవారు ఉన్నట్టుండి మగతలోకి జారిపోవడం. వీటిలో ఏది కనిపించినా నివేదిక కోసం కూర్చోక 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే క్షయ కోసం పరీక్షించాలి. మధుమేహం ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. పైగా వారిలో నీడ పైభాగంలో కాక అడుగుభాగంలో పడి న్యుమోనియాలాగా మోసగించవచ్చు. ఒకవేళ క్షయ అనే నిర్ధారణ అయిందనుకోండి. అప్పుడు కూడా కంచం వేరు చేయకండి. క్షయ గాలి ద్వారా వస్తుంది గాని గిన్నెల ద్వారా రాదు. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 1959లో ప్రకటించిన ఫలితాలు ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని మార్చివేశాయి. మందులు క్రమంగా వేసుకుంటే ఇంట్లో ఉన్న రోగి శానటోరియంలో ఉన్న రోగితో సమానంగా కోలుకుంటాడనీ, ఇంటివారికి అదనపు ప్రమాదం లేదనీ అక్కడ రుజువైంది. మొదటి వారాలలో కిటికీలు తెరవండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి, ఇంట్లోని పిల్లలకు, పెద్దలకు కూడా పరీక్షలు చేయించండి. అది చాలు. మందులు ఉచితం. పోషకాహారం కోసం నెలకు ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుండి 500 రూపాయల నుండి 1,000 రూపాయలకు పెంచారు. సందేహాలకు 1800 11 6666 అనే ఉచిత నంబరు ఉన్నది.

మన జిల్లాకు సంబంధించిన ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కృష్ణగిరి అంటే మామిడితోపాటు గ్రానైట్ కూడా. రాయి తవ్వినవారు, కోసినవారు, నునుపు పట్టినవారు, ఫౌండ్రీలలో ఇసుక అచ్చులతో పని చేసినవారు మన ఇళ్ళలో ఉన్నారు. ఆ సన్నని రాతిదుమ్ము ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. పని మానేసిన పది ఇరవై ఏళ్ళకు కూడా అది బయటపడవచ్చు. ఫిల్ముపై రెండు ఊపిరితిత్తుల పైభాగాలలో చిన్న చిన్న గుండ్రని చుక్కలుగా కనిపిస్తుంది. చూపుకు క్షయలాగే ఉంటుంది. అదీగాక సిలికోసిస్ ఉన్నవారికి క్షయ కూడా తొందరగా సోకుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దీనిని ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది. అయితే మీ నాయన ఏమి పని చేశారో మీరు చెప్పకపోతే వైద్యునికి తెలియదు. ‘వ్యవసాయం’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. మధ్యలో ఐదేళ్ళు క్వారీలో చేసి ఉంటే ఆ ఐదేళ్ళే ముఖ్యం.

ఎక్స్‌రేలతో ప్రమాదం లేదా అని కొందరు అడుగుతారు. ఒక ఛాతీ ఎక్స్‌రే నుండి శరీరానికి చేరే కిరణాలు, ప్రకృతిలో మనకు ఎలాగూ సోకే కిరణాలలో కొన్ని రోజుల మొదలు పదిహేను రోజుల మోతాదుకు సమానం. పెద్దవయసులో అవసరమైన ఎక్స్‌రేకు జంకనక్కరలేదు. సీటీ స్కాన్‌లో మోతాదు దానికి ఎన్నో రెట్లు. కనుక కారణం ఉన్నప్పుడే తీయించాలి. పాత ఫిల్ము చేతిలో ఉంటే ఒక్కొక్కసారి ఆ స్కాన్ ఖర్చే తప్పుతుంది.

కాబట్టి మళ్ళీ ట్రంకు పెట్టె దగ్గరికే వస్తాను. ఈసారి పండుగకు ఊరికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల పాత ఫిల్ములు, చికిత్స కార్డులు ఎక్కడ ఉన్నాయో అడగండి. వాటిలోని వెండి కోసం పాత ఫిల్ములను కొనుక్కుపోయేవారు ఊళ్ళమీద తిరుగుతుంటారు, నాలుగు రూపాయలకు అమ్మకండి. గ్రహణం చూడడానికి పిల్లలకు ఇవ్వకండి, అది కళ్ళకు కూడా ప్రమాదం. ఒక్కొక్క కవరు మీద తేదీ, ఎందుకు తీశారో తెలుగులోనే రాయండి. మడవకుండా, తేమ తగలకుండా ఉంచండి. ఇప్పుడు చాలాచోట్ల ఫిల్ముకు బదులు కాగితం మీద ముద్రించి ఇస్తున్నారు. అప్పుడు అసలు చిత్రాన్ని సీడీలో గాని ఫైలుగా గాని ఇమ్మని అడగండి. ఫోన్‌తో తీసిన ఫోటోలో చిన్న నీడలు కనిపించవు. పెద్దలతో పాటు ఊరు నుండి వచ్చేటప్పుడు బట్టల సంచితో ఆ కవరు కూడా రావాలి.

ఊరిలో ఉన్న పెద్దలకు దూరాన ఉన్న మనమే దిక్కు అనుకోనక్కరలేదు. 2021 ఆగస్టులో మన జిల్లాలోని సామనపల్లిలోనే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం ప్రారంభమైంది. రక్తపోటు, మధుమేహం వంటి వాటికి ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వచ్చి మందులు ఇస్తారు. వారు వచ్చినప్పుడు దగ్గు, ఆయాసం, తగ్గిన బరువు సంగతి కూడా చెప్పమని ఇంట్లో పెద్దలకు ఫోన్‌లో చెప్పండి. మన పెద్దలు అడిగితేనే గాని చెప్పరు. అడిగినా ‘ఏమీ లేదు’ అనే అంటారు. పిల్లలకు ఖర్చు పెట్టించడం వారికి జబ్బుకన్నా పెద్ద బాధ.

ఆ కల్లావి పెద్దాయన కంటికి కట్టు విప్పిన తరువాత ఒకసారి నన్ను చూడడానికి వచ్చారు. చేతిలో అదే పాత కవరు. ‘ఇది ఇక్కడే పెట్టుకో నాయనా, మళ్ళీ పనికి వస్తుంది’ అన్నారు. నేను తీసుకోలేదు. దాని మీద తేదీ రాసి తిరిగి ఆయన చేతికే ఇచ్చి, ‘ఇది నా దగ్గర కాదు, మీ దగ్గర ఉండాలి. ఏ ఊరికి వెళ్ళినా, ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందు దీనిని చూపించండి’ అన్నాను. మీ అందరికీ నేను చెప్పదలచినదీ అదే.